పొర తీసేదాకా

ఆ పొర తేనె రంగులో ఉండేది. పాల మీద కట్టే మీగడంత మందం, అరచేయంత వెడల్పు. వెలుతురుకు పట్టి చూస్తే అవతలి మనిషి ముఖం పచ్చగా కనిపించేది. నా వయసులోని మంచి సంవత్సరాలన్నీ అలాంటి పొరలు చేయడానికీ, అవి చినిగితే తిట్టుకోవడానికీ పోయాయి. నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. ఆ పొరలతో నాలుగు రోజులు వేగితే వాళ్ళు ఆ మాట అనరు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండ శివారులోని ఒక ల్యాబులో పరిశోధనకు చేరాను. మాది పానగల్ పక్కన పల్లె. ఇంట్లో గొర్లు, కొంచెం వరి. నేను చేసేది పొర అని చెబితే మా బాపు అది నీళ్ళ ప్లాంటులో పెట్టే ఫిల్టరే అనుకున్నాడు. మా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగిన మనిషికి అంతకన్నా వేరే ఏం తడుతుంది? కాదని రెండు మూడుసార్లు చెప్పాను. ఆయన తల ఊపి, పక్కింటాయనతో మళ్ళీ ఫిల్టరనే చెప్పాడు.

ల్యాబులో నాకన్నా ముందే చేరిన ఒకామె ఉండేది. అచ్చంపేట అవతల, అడవి అంచున వాళ్ళ ఊరు. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి మేకలు కాసింది, సీతాఫలాల కాలంలో గంపలకెత్తి అచ్చంపేటలో అమ్మింది, మిగతా రోజుల్లో కూలికి పోయింది. అట్లా అక్కనూ తమ్ముణ్ణీ సాకింది. ఆ తల్లికి దమ్ము, ఆయాసపు రోగం. చలికాలం వస్తే మందుల మీదే గడిచేది. ఏ రాత్రి ఎట్లా తెల్లారుతుందో తెలియదని అక్క అనేది. "అమ్మ ఉండంగనే గిది అయిపోవాలె చెల్లే" అన్న మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. అక్కకు డాక్టరేట్ పట్టా మీద కన్నా తల్లికి చూపించడం మీదే ధ్యాస.

ఆదివారం ఆదివారం తల్లి ఫోను చేసేది. అక్క స్పీకరు పెట్టి గాజు పలకలు కడుగుతూ మాట్లాడేది కాబట్టి మాటలన్నీ నాకూ వినబడేవి.

"అయ్యిందా బిడ్డా, నువ్వు చేసేది?"

"అయితాందమ్మా. అయినంక తెచ్చి నీ చేతుల పెడుత."

"చేతుల పడతదా? గంతేనా?"

"నీ అరచెయ్యంత ఉంటది."

"నా చెయ్యంత దానికి ఇన్నేండ్లా! నేను గీ చేత్తోని ఇల్లే కట్టిన" అని ఆమె నవ్వేది. నవ్వు దగ్గులోకి తిరిగేది. దగ్గు ఆగేదాకా అక్క పలక పట్టుకొని అట్లాగే నిలబడేది.

ఫ్యూయల్ సెల్ గురించి అక్క కన్నా బాగా చెప్పేవాళ్ళు నాకు ఇప్పటికీ తగల్లేదు. ఒక పక్క హైడ్రోజన్, ఒక పక్క గాలి, నడుమ పొర. హైడ్రోజన్‌లోంచి ఊడిన ఎలక్ట్రాన్ తీగ వెంట చుట్టు తిరిగి పోతుంది. మనకు కావలసిన కరెంటు అదే. మిగిలిన ప్రోటాన్ మాత్రం పొరలోంచి దాటాలి. దాటి, అవతల ఆక్సిజన్‌తో కలిసి నీళ్ళవుతుంది. పొర ప్రోటాన్‌ను దాటనివ్వాలి, వాయువును ఆపాలి. అంతే. ఆ అంతే అన్న దాంట్లోనే మా బతుకులు తెల్లారాయి.

ప్రోటాన్ ఎట్లా దాటుతుందో తల్లికి కూడా ఒకసారి చెప్పింది.

"కరువు పనిల చెరువు మన్ను తీస్తుంటిమి గదమ్మా. తట్ట ఒకరి చేతులకెంచి ఒకరి చేతులకు పోతుండె. మనుషులు జాగ జరగరు, తట్టే పోతది. గిది గట్లనే. ఒకటి ఇచ్చేది ఉంటది, ఒకటి అందుకునేది ఉంటది."

"మరి నడుమల ఒకరు లేచిపోతే?"

"ఆడ్నే ఆగుతది."

"గట్లయితే కష్టమే బిడ్డా" అన్నది తల్లి.

ఇచ్చేది ఆమ్లం, అందుకునేది క్షారం. మా పొరలో రెండు రకాల పాలిమర్లు ఉండాలి, అవి ఒకదాన్నొకటి పట్టుకొని ఉండాలి. కానీ ఆమ్లపు పాలిమర్‌నూ క్షారపు పాలిమర్‌నూ నేరుగా ఒక గిన్నెలో పోస్తే పాలు విరిగినట్టు విరిగి ముద్దలవుతాయి. అందుకని ఆమ్లాన్ని ముందు ఉప్పుగా మార్చి, దాని దూకుడు తగ్గించి, అప్పుడు కలపాలి. ఆ ద్రావణాన్ని గాజు పలక మీద సమంగా పరిచి ఓవెన్‌లో మెల్లగా ఆరబెట్టాలి. ఆరాక పలకను నీళ్ళలో ముంచితే పొర తనంతట తానే లేచి వస్తుంది. ఆ లేచి వచ్చే క్షణం చూడడానికి అక్క నన్ను ప్రతిసారీ పిలిచేది. నేను ఎంత చిరాకులో ఉన్నా వెళ్ళేదాన్ని.

ఆఖరున వేడి ఫాస్ఫారిక్ ఆసిడ్‌లో నానబెట్టాలి. ఆసిడ్ తాగితేనే పొర పనికొస్తుంది. తక్కువ తాగితే ప్రోటాన్ కదలదు. ఎక్కువ తాగితే ఉబ్బి, మెత్తబడి, పట్టుకారకు కూడా చిక్కకుండా జారిపోతుంది. తీసే వేళకు తీయాలి. తీశాకైనా ఊపిరి తీసుకుందామంటే వీల్లేదు. ఆసిడ్ తాగిన పొర గాలిలోని తేమను లాగేసుకుంటుంది, లెక్క తప్పుతుంది. వెంటనే తుడిచి, రెండు లోహపు పలకల నడుమ బిగించి, ఓవెన్‌లో పెట్టి, వేడి ఒక్కో మెట్టూ పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ప్రోటాన్ ఎంత బాగా దాటుతోందో కొలవాలి. మొదలుపెడితే సగం దినం లేవడానికి ఉండదు. నడుమ కరెంటు పోతే అన్నీ మొదటికి. కరెంటు ఎన్నిసార్లు పోయిందో నన్ను అడగొద్దు. కరెంటు పుట్టించే వస్తువు చేస్తూ కరెంటు కోసం ఏడ్చినవాళ్ళం మేం.

ఒక ఏడు చలికాలంలో అక్కకు మంచి పొర కుదిరింది. ముద్దల్లేవు, బుడగల్లేవు. వంచితే విరగలేదు. దానికి వాడిన పాలిమర్ ఆ సీసాలో అడుగంటింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో సార్‌కే తెలియదు. సార్ అంటే మా ఇద్దరి గైడు. అక్క ఆ పొరలోంచి ముక్కలు కోసి రాత్రే ఆసిడ్‌లో వేసింది. పొద్దున ఎనిమిదికల్లా తీయాలి.

ఆ పొద్దున్నే ఫోను వచ్చింది. అక్క చేతులకు గ్లవ్స్ ఉన్నాయి కాబట్టి నేనే ఎత్తి స్పీకరు పెట్టాను. ఆమె తమ్ముడు.

"అక్కా, అమ్మకు బాగలేదు. జల్ది రా."

"దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"లేదు. ఇంట్లనే ఉన్నది."

"ఆడ ఎవరున్నరు?"

"అందరొచ్చిండ్రు. నీదే ఆలస్యం."

ఇక అక్క ఏమీ అడగలేదు. వస్తానన్నది. నేను ఫోను పెట్టేశాను.

ఇక్కడ మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలి. దూరాన ఉన్నవాళ్ళకు చావు కబురును మేం చావు కబురుగా చెప్పం. దారిలో ఏమవుతారోనని భయం. బాగలేదు, జల్ది రా అంటాం. వినేవాళ్ళకు అర్థమవుతుంది. నిజంగా రోగమే అయితే మాటలు బోలెడుంటాయి. ఏ దవాఖాన, డాక్టరు ఏమన్నాడు, గ్లూకోజు ఎక్కించారా, దుప్పటి తెస్తావా అని. చావుకు మాటలు తక్కువ. అర్థమైనాక ఉన్నదా పోయిందా అని తిరిగి అడగడం ఉండదు. బతికున్నవాళ్ళ మీద ఆ మాట అంటే అరిష్టమని పెద్దలు కొట్టినంత పని చేస్తారు. మా తాత పోయినప్పుడు మా చిన్నాయినకు ఇట్లాగే ఫోను చేశారు. ఆయన ఒక్క ప్రశ్న వేయకుండా దారిలో పూలదండ కొనుక్కొని దిగాడు. అది తప్పని ఎవరూ అనలేదు.

అందుకని తల్లి పోయిందనడంలో ఆ ల్యాబులో ఎవరికీ అనుమానం రాలేదు. సంగతి విని సార్ వచ్చాడు. అక్క తల మీద చెయ్యి పెట్టి, "ధైర్యంగ ఉండు బిడ్డా. నువ్వు పొయ్యేదాక ఎత్తరు" అన్నాడు. ఆడబిడ్డ కడచూపు చూసుకోకుండా మా ఊళ్ళలో శవాన్ని ఎత్తరు. అది అందరికీ తెలిసిందే.

అక్క స్టూలు మీద కూర్చొని ఆసిడ్ గిన్నె వైపే చూసింది. ఏడవడం అప్పుడు మొదలైంది.

"పొర తీసేదాక ఉంట చెల్లే" అన్నది. "కొలిచినంకనే పోత. అయినంక తెస్త అని చెప్పిన గద. ఉత్తచేతులతోని ఎట్ల పోవాలె? పోయినామెకు ఇప్పుడు తొందరేమున్నది?"

సార్ కాదనలేదు. నాకూ అది సరైందనే తోచింది. తల్లి కోసం చేసిన పనిని తల్లి పోయిన రోజున పాడు చేసుకోవడం ఎందుకని, బస్సు ఎప్పుడైనా ఉంటుందని, నేనూ వెంట వస్తానని చెప్పాను.

వేళకు తీసింది. తుడిచింది. బిగించింది. నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. వేడి ఒక మెట్టు పెరగడం, ఆగడం, కొలవడం. కళ్ళద్దాల లోపల ఆవిరి పట్టి ఆమె మాటిమాటికీ తీసి తుడుచుకునేది. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. మెట్టు మెట్టుకూ తెర మీద గీత పైకే పోయింది. అంత మంచి గీత మా ల్యాబులో అంతకుముందు ఎవరికీ రాలేదు.

"ఎంత మంచిగొచ్చింది చూడు" అని అక్క ఏడ్చింది.

బయలుదేరేముందు ఆసిడ్ తగలని పొర మిగిలితే అందులోంచి అరచేయంత ముక్క కోసింది. ఆసిడ్ తాగినది చేతిలో పెడితే చెయ్యి కాలుతుంది కదా. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది. పోయినామె చెయ్యి కాలుతుందని ఆలోచించిందని నాకు తర్వాత తట్టింది.

దేవరకొండలో బస్సు మారాం. డిండి దాటాక రెండు పక్కలా ఏరేసిన పత్తి చేన్లు, గుట్టలు. అక్క కిటికీ పక్కన సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. అచ్చంపేట బస్టాండు ముందు బంతిపూల దండ కొన్నది. నేను బేరం ఆడబోతే వద్దన్నది. ఆటోలో వాళ్ళ ఊరికి చేరేసరికి పొద్దు గూట్లో పడుతోంది.

ఇంటి ముందు మంది. ఏడుపు వినిపిస్తోంది. మేం అనుకొని వచ్చినట్టే ఉంది అంతా. తల్లిని వాకిట్లో పండబెట్టారు. కానీ ఇంకా స్నానం పోయలేదు, తల కాడ దీపం అప్పుడే పెడుతున్నారు. ఒక ముసలామె ఆమె కాళ్ళ వేళ్ళు కడుతూ ఉంది. అవన్నీ నేను చూశాను. చూసి కూడా నాకు తెలియలేదు.

అక్క దండ వేయబోయింది. తమ్ముడు ఆమె చేతిలోని దండను చూసి లేచి నిలబడ్డాడు.

"దండ యాడ కొన్నవ్?"

"అచ్చంపేటల."

"అచ్చంపేటలనా? నీకు గప్పుడే ఎవరు చెప్పిండ్రు?"

"నువ్వే గదరా. పొద్దుగాల."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "నేను బాగలేదన్న అక్కా" అన్నాడు. "బాగలేదంటే బాగలేదనే."

తర్వాత మాటలు అతని నోట్లోంచి వాటంతట అవే వచ్చాయి, ఆపేవాళ్ళు లేరు. రాత్రి నుంచి దమ్ము ఆగలేదు. దవాఖానకు పోదామంటే తల్లి మంచం కోళ్ళు పట్టుకొని మొండికేసింది. బిడ్డ రానీ, బిడ్డతోనే పోత అన్నది. చుట్టాలందరూ వచ్చి చెప్పినా వినలేదు. పొద్దంతా తలుపు దిక్కే చూసింది. బస్సు సప్పుడైతే చాలు, వచ్చిందా అని అడిగింది. మేం ఊరు చేరడానికి కొంచెం ముందే పోయింది.

"మల్ల ఫోను చెయ్యకపోతివి" అన్నాను నేను, కోపంగానే. ఎవరో ఒకరిని అనాలనిపించింది.

"ఎందుకు చెయ్యాలె? బస్సుల ఉన్నదనుకున్న. వస్తాంది, వస్తాంది అని అమ్మకు చెప్పుకుంట కూసున్న."

అక్క ఏడవలేదు. దండ కింద పెట్టి తల్లి పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా చల్లబడలేదని నాతో అన్నది. తెల్లారి మట్టి చేసేటప్పుడు నేను సంచి తెచ్చి ఇచ్చాను. ఆమె సంచిని పక్కకు నెట్టింది. ఏం ముఖం పెట్టుకొని ఇయ్యాలె అన్నది. పొర కాగితంలోనే ఉండిపోయింది.

దినాలు అయ్యాక ల్యాబుకు వచ్చింది. సార్ ఆ గీత చూపించి, ఇది చాలు, థీసిస్ రాసెయ్యి అన్నాడు. రాయనన్నది. ఆ రోజు కొలిచినవి తన పేరు మీద ఉండొద్దన్నది. సార్ బతిమాలాడు, కోప్పడ్డాడు. నేనూ కోప్పడ్డాను. అక్కా, నువ్వు తప్పు చేయలేదు, మనం అందరం అట్లాగే విన్నాం అని చెప్పాను. "అందరం ఇన్నం చెల్లే. అమ్మ ఒక్కతే కదా ఎదురు చూసింది" అన్నది. ఆ నెలలోనే సామాను సర్దుకొని వెళ్ళిపోయింది. ఇప్పుడు అచ్చంపేటలో ఒక ప్రైవేటు బడిలో కెమిస్ట్రీ చెబుతుంది. పిల్లలు మంచిగా వింటారట. ఆ పొర గురించి ఆమె ఎత్తదు, నేను ఎత్తను.

నాకు ఎవరి మీద కోపమో ఇప్పటికీ తెలియదు. ఆ తమ్ముడు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. ఏ దవాఖాన పేరో ఒకటి చెప్పి ఉంటే ఆమె ఆసిడ్ గిన్నెను అట్లాగే వదిలి పరుగెత్తేది. చావును దాచడానికి వాడి వాడి ఆ రెండు మాటలను మేం ఎంత అరగదీశామంటే, నిజంగా బాగలేని మనిషికి చెప్పుకోవడానికి మాట మిగల్లేదు.

నా పట్టా నాకు వచ్చింది, అక్క పొరకు సగం కూడా సాటిరాని పొరతో. మహబూబ్‌నగర్‌లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. ఒక చిన్న గది, ఒక ఓవెన్, నేను ఒక్కదాన్నే. ఈమధ్య హైడ్రోజన్ గురించి మీటింగుల మీద మీటింగులు పెట్టి పెద్ద పెద్ద బొమ్మలు చూపిస్తున్నారు. ఆ బొమ్మల్లో పొర సన్నని గీతలా ఉంటుంది. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

పోయిన చలికాలం నా పొరలు ఆసిడ్‌లో ఉండగా మా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, బాపుకు బాగలేదు. జల్ది రా."

ఈసారి నేను అడిగాను.

"ఉన్నడా, పోయిండా?"

వాడు అరిచాడు. "ఏం మాటలక్కా అవి? నోట్లకెంచి ఎట్ల వస్తయి నీకు? ఇంటి ఆడబిడ్డవేనా నువ్వు?"

"తర్వాత తిట్టుదువు. ముందుగల చెప్పు. ఉన్నడా, పోయిండా?"

"ఉన్నడు" అన్నాడు వాడు ఏడుస్తూ. "నల్లగొండ దవాఖానల ఉన్నడు."

హీటరు స్విచ్చి ఆపాను, గ్లవ్స్ తీసి పడేశాను. గిన్నె వైపు చూడకుండా తలుపు వేసి దొరికిన మొదటి బస్సు ఎక్కాను. తీసే వేళ జడ్చర్ల దాటకముందే అయిపోయింది. తీయడానికి అక్కడ ఎవరూ లేరు.

బాపు నన్ను చూసి, "ఫిల్టరు పని ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. గొర్లకు మేత ఎవరేస్తున్నారో కనుక్కోమన్నాడు. నా చెయ్యి తన ఛాతీ మీద పెట్టుకొని కొంచెంసేపు నిద్రపోయాడు. నాలుగు రోజులున్నాడు. తర్వాత పోయాడు. దినాల్లో కూడా తమ్ముడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ మాట నేను అన్నందుకే బాపు పోయాడని మా చిన్నమ్మ నలుగురిలో అన్నది. అననీ.

మహబూబ్‌నగర్ పోయి గిన్నె తెరిచి చూస్తే పొరలు లేవు. అడుగున పచ్చని జిగురు, అంతే. దాన్ని పారబోసి గిన్నె కడిగి, అక్కకు ఫోను చేశాను. బాపు పోయిన సంగతి చెప్పాను. ఆమె ఓదార్పు మాట ఏదీ అనలేదు. ఒక్కటే అడిగింది.

"మాట్లాడిండా?"

"మాట్లాడిండు అక్కా."

బడిలో పిల్లల గోల వినబడుతోంది.

"పొరలేమైనయ్?" అన్నది చివరికి.

"ఆసిడ్లనే ఉండిపోయినయ్. కరిగిపోయినయ్."

"పోనియ్" అన్నది అక్క.